ఎల్ఎల్ఆర్‌కి దరఖాస్తు చేసే విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఏటా జూన్, జులై నెలల్లో పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు క్లాసు అయ్యాక ఒకరి తర్వాత ఒకరు వచ్చి అవే ప్రశ్నలు అడుగుతారు. చాలామందికి బండి నడపడం ఎప్పుడో వచ్చేసి ఉంటుంది, రానిదల్లా ఆఫీసు పని. ఇన్నేళ్లుగా వాళ్లు అడిగినవి, నేను వాళ్లతో ఆఫీసుకి వెళ్లినప్పుడు చూసినవి ఇక్కడ రాస్తున్నాను. తల్లిదండ్రులు కూడా ఒకసారి చదవాలని నా కోరిక.

ఎల్ఎల్ఆర్ అంటే ఏమిటి? అది లైసెన్సేనా?

చట్టంలో దాని పేరు లెర్నర్స్ లైసెన్స్. మన దగ్గర అందరి నోటా ఎల్ఎల్ఆర్ అనే వినిపిస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం కింద రవాణా శాఖ ఇస్తుంది. తెలంగాణలో ఆర్టీఏ ఆఫీసు అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువగా ఆర్టీవో ఆఫీసు అంటారు. ఇది నేర్చుకోవడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. ఆరు నెలలు చెల్లుతుంది. గుంటూరులో తీసుకున్న ఎల్ఎల్ఆర్‌తో హైదరాబాద్‌లో నేర్చుకోవచ్చు, దేశమంతా చెల్లుతుంది.

నాకు పదహారేళ్లు. స్కూటీ నడపొచ్చా సార్?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకున్నదీ ఇదే. చట్టం పదహారేళ్లకు అనుమతిస్తుంది కానీ 50 సీసీ మించని ఇంజిను ఉన్న బండికే. దానికి కూడా అమ్మో నాన్నో గార్డియనో సంతకం చేసిన అంగీకార పత్రం ఉండాలి. ఇప్పుడు మన వీధుల్లో తిరుగుతున్న గేర్లు లేని పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైనే. అంటే ఇంట్లో ఉన్న స్కూటర్‌ని పదహారేళ్ల అమ్మాయి చట్టప్రకారం నడపలేదు, ఎల్ఎల్ఆర్ ఉన్నా సరే. గేర్లు లేవు కదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

మామూలు బైకు, స్కూటరు, కారు వీటన్నిటికీ పద్దెనిమిది నిండాలి. దరఖాస్తు చేసే రోజుకి నిండి ఉండాలి. ఆటో, లారీ లాంటి రవాణా వాహనాలకు ఇరవై. గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, 250 వాట్ల లోపు మోటారు ఉన్న చిన్న ఎలక్ట్రిక్ బండ్లకు మాత్రం లైసెన్స్ అక్కర్లేదు. ఎలక్ట్రిక్ అయితే చాలు ఏదైనా నడపొచ్చనుకుంటారు కొందరు. అంతకంటే వేగంగా వెళ్లే ప్రతి ఎలక్ట్రిక్ స్కూటరూ మోటారు వాహనమే.

పద్దెనిమిది నిండకుండా నడిపితే నిజంగా ఏమవుతుంది? ఊళ్లో అందరూ నడుపుతున్నారు కదా.

2019లో చట్టాన్ని సవరించినప్పుడు మైనర్ల విషయంలో చాలా గట్టిగా రాశారు. మైనరు నేరం చేస్తే గార్డియన్‌కి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా ఎల్ఎల్ఆర్ గానీ లైసెన్స్ గానీ ఇవ్వరు.

ఇరవై అయిదు అన్న మాటని తల్లిదండ్రులు ఇంకోసారి చదవాలి. కొడుకు ఇంజినీరింగ్ అయిపోయి, ఉద్యోగంలో చేరి, రెండు మూడేళ్లు గడిచినా సొంత బండి నడపలేడు. "ట్యూషన్‌కే కదా, సందు చివరిదాకే కదా" అని తాళాలు ఇచ్చిన ఒక్క సాయంత్రం వల్ల. నేను తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట చెప్పినప్పుడల్లా హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. జరిమానా సంగతి చాలామందికి తెలుసు. ఈ ఏడేళ్ల సంగతి తెలియదు.

పద్దెనిమిది దాటినా లైసెన్స్, ఎల్ఎల్ఆర్ ఏదీ లేకుండా నడిపితే చట్టంలో ఉన్న జరిమానా 5,000 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. బండి ఇచ్చిన యజమాని మీద వేరే కేసు.

ఏమేం కాగితాలు కావాలి?

వయసుకి టెన్త్ మెమో లేదా పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పాస్‌పోర్టు. చిరునామాకి ఆధార్, ఓటరు కార్డు, పాస్‌పోర్టులాంటివి. ఆరోగ్యం గురించి మీరే సంతకం చేసి ఇచ్చే ఫారం 1 ఉంటుంది. నలభై దాటినవాళ్లూ రవాణా వాహనాలవాళ్లూ మాత్రం డాక్టరు సంతకంతో ఫారం 1ఏ ఇవ్వాలి. విద్యార్థులకు దాని అవసరం రాదు. ఒరిజినల్స్ అన్నీ వెంట తీసుకెళ్లండి, జిరాక్సులు రెండు సెట్లు పెట్టుకోండి.

కాగితాలు ఉన్నా పని ఆగిపోయేది పేరు దగ్గర. మన తెలుగువాళ్ల పేర్లలో ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఆధార్‌లో పొడి అక్షరం చివర ఉంటుంది. పాన్ కార్డులో ఇంకోలా. కిందటేడాది మా స్టూడెంట్ ఒకబ్బాయి స్లాట్ టైముకి అరగంట ముందే వచ్చి లైన్లో ముందు నిలబడ్డాడు. కౌంటర్‌లో ఉన్నాయన ఆధార్ ఒక చేతిలో, మెమో ఇంకో చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసి, తండ్రి పేరు దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు. ఒకదాంట్లో "వెంకట" ఉంది, ఇంకోదాంట్లో లేదు. ఆ రోజుకి పని జరగలేదు. ఆధార్ సరిచేయించుకుని, మళ్లీ స్లాట్ తీసుకుని వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. అందుకే దరఖాస్తు మొదలుపెట్టేముందు ఇంట్లో టేబుల్ మీద అన్ని కాగితాలూ పక్కపక్కన పెట్టి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. పదినిమిషాల పని.

నాది శ్రీకాకుళం. హైదరాబాద్ హాస్టల్‌లో ఉంటున్నాను. ఎక్కడ తీసుకోవాలి?

2019 సవరణ తర్వాత మీరు నివసించే రాష్ట్రంలో ఏ లైసెన్సింగ్ అధికారి దగ్గరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ఆ రాష్ట్రంలో ఉంటున్నట్టు రుజువు చూపాలి. ఆధార్ శ్రీకాకుళం చిరునామాతోనే ఉంటే హైదరాబాద్‌లో తిప్పలు పడేకంటే దసరా, సంక్రాంతి సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు అక్కడే తీసుకోవడం సులువని నా సలహా. ఒక సెలవుల్లో ఎల్ఎల్ఆర్, తర్వాతి సెలవుల్లో డ్రైవింగ్ టెస్ట్ అని ప్లాన్ చేసుకోవచ్చు. మధ్య గడువు ఆరు నెలలు దాటకుండా చూసుకుంటే చాలు.

దరఖాస్తు ఎలా చేయాలి? ఆఫీసుకి వెళ్లి ఫారం కొనాలా?

అక్కర్లేదు. ఆన్‌లైన్‌లోనే. కేంద్రం నడిపే సారథి పోర్టల్‌లో గానీ మీ రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైట్‌లో గానీ వివరాలు నింపి, ఫీజు కట్టి, పరీక్షకి స్లాట్ ఎంచుకోవాలి. సొంతంగా చేయడం టెన్షన్ అనిపిస్తే మీ సేవ కేంద్రానికో నెట్ సెంటర్‌కో వెళ్లండి, కానీ ఫోన్ నంబరు మాత్రం మీదే ఇవ్వండి. ఓటీపీలు, స్లాట్ మెసేజ్ అన్నీ దానికే వస్తాయి. వెబ్‌సైట్ చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అని ఉందో లేదో చూసుకోండి. గూగుల్‌లో పైన కనిపించే ప్రకటన నొక్కి డబ్బు పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు. వాట్సాప్‌లో ఆర్టీవో పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించేది) మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తెరవకండి.

బైకు, కారు రెండూ కావాలంటే రెండూ ఒకే దరఖాస్తులో టిక్ పెట్టండి. గేరు బైకు తరగతి తీసుకుంటే గేర్లు లేని స్కూటరు కూడా నడపొచ్చు. గేర్లు లేనిది మాత్రమే తీసుకుంటే తర్వాత బైకు కోసం మళ్లీ మొదటికి రావాలి.

ఫారంలో ఒకచోట, ప్రమాదంలో చనిపోతే అవయవాలు దానం చేయడానికి ఒప్పుకుంటారా అని అడుగుతుంది. పిల్లలు దాన్ని చదవకుండానే ఏదో ఒకటి నొక్కేస్తారు. ముందురోజు ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడి, ఆలోచించి నింపండి.

ఫీజు ఎంత?

కేంద్ర నిబంధనల ప్రకారం ఒక్కో తరగతి వాహనానికి ఎల్ఎల్ఆర్ ఫీజు 150 రూపాయలు, పరీక్షకి 50. తర్వాత డ్రైవింగ్ టెస్ట్‌కి ఒక్కో తరగతికి 300, లైసెన్స్‌కి 200. దీనిపైన రాష్ట్రం సర్వీసు ఛార్జీలు కలుస్తాయి. చెల్లించే ముందు మొత్తం స్క్రీన్ మీద కనిపిస్తుంది. దానికి మించి ఎవరికీ రూపాయి ఇవ్వాల్సిన పని లేదు.

ఏజెంట్‌కి ఇస్తే అన్నీ వాళ్లే చూసుకుంటారట కదా?

నేను ఇంటర్ అయ్యాక అలాగే తీసుకున్నాను. ఊళ్లో ఒకాయనకి డబ్బిచ్చాం, సంతకాలు పెట్టాను, ఎల్ఎల్ఆర్ చేతికొచ్చింది. పరీక్షలో ఏం అడుగుతారో కూడా నాకు తెలియదు. రెండేళ్ల తర్వాత ఒక కూడలిలో తలకిందులుగా ఉన్న త్రిభుజం బోర్డు చూస్తూ చూస్తూనే ముందుకు పోయాను. కుడివైపు నుంచి వస్తున్న టీవీఎస్ బండి మీద దంపతులు, ఒళ్లో పాప. ఆయన బ్రేకు వేసి పక్కకి తిప్పబట్టి ఏమీ కాలేదు. ఆ బోర్డుకి అర్థం "మెయిన్ రోడ్డు మీద వచ్చేవాళ్లకి దారి ఇవ్వు" అని. ఎల్ఎల్ఆర్ పరీక్షలో తరచుగా వచ్చే బోర్డు అది. నేను రాయని పరీక్షలోది.

ఆ పాప ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఏజెంట్ గురించి అడిగిన ప్రతి విద్యార్థికీ ఈ సంగతి చెబుతాను. మన జీవితంలో రోడ్డు నిబంధనలు కూర్చుని చదివే సందర్భం బహుశా ఇదొక్కటే. దాన్ని డబ్బిచ్చి వదులుకోవద్దు.

పరీక్ష ఎలా ఉంటుంది? పాసవ్వాలంటే ఎన్ని రావాలి?

ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. కెమెరాతో ఫొటో, సంతకం అక్కడే తీసుకుంటారు. ప్రశ్నలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి. మీకు ఏ భాషలో రోడ్డు మీద ఆలోచన వస్తుందో ఆ భాష ఎంచుకోండి. కింద ఇచ్చిన జవాబుల్లో సరైనది నొక్కాలి, పక్కన సమయం తగ్గుతూ కనిపిస్తుంది. అరవై శాతం రావాలి. అంటే 20 ప్రశ్నలుంటే 12. ఆధార్ ఈకేవైసీతో, అంటే ఆధార్ ద్వారా ఆన్‌లైన్‌లోనే గుర్తింపు సరిచూసి, ఇంటి నుంచే రాసే వెసులుబాటు మీ ఆఫీసు పరిధిలో ఉంటే దరఖాస్తు నింపేటప్పుడే ఆ సంగతి కనిపిస్తుంది.

నాతో వచ్చిన ఒకమ్మాయికి పదకొండే వచ్చాయి. బయటికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏది పోయిందమ్మా అంటే అరచేతి మీద వేలితో గీసి చూపించింది. ఎర్ర అంచున్న నీలం వృత్తంలో ఒక్క అడ్డగీత ఉంటే పార్కింగ్ చేయకూడదని. రెండు గీతలు ఇంటూ గుర్తులా ఉంటే అసలు బండి ఆపనే కూడదని. ఆ రెంటినీ తారుమారు చేసింది. మళ్లీ 50 రూపాయలు కట్టి ఇంకోరోజు రాసి పాసైంది. ఇప్పుడు ఆమెను అర్ధరాత్రి లేపి అడిగినా ఆ రెండు బోర్డులూ చెబుతుంది.

ఏం చదవాలి?

నిబంధనల్లోనే నాలుగు విషయాలు చెప్పారు. రోడ్డు గుర్తులు, సిగ్నళ్లు, రోడ్డు నియమాలు ఒకటి. ప్రమాదంలో మనిషికి దెబ్బలు తగిలినా ప్రాణం పోయినా డ్రైవరు ఏం చేయాలన్నది రెండోది. కాపలా లేని రైల్వే గేటు దాటేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు మూడోది. వెంట ఉంచుకోవాల్సిన కాగితాలు నాలుగోది.

గుర్తులకి ఆకారం పట్టుకోండి. ఎర్ర అంచు వృత్తం ఆంక్ష, ఎర్ర అంచు త్రిభుజం హెచ్చరిక, నీలం దీర్ఘచతురస్రం సమాచారం. నీలం వృత్తంలో తెల్ల బాణం ఉంటే అటే వెళ్లాలని ఆదేశం. ఎనిమిది పలకల ఎర్ర బోర్డు అంటే ఆగాల్సిందే. నియమాల్లో ఓవర్‌టేక్ కుడివైపు నుంచి, ఘాట్ రోడ్డులో ఎక్కే బండికి దారి, సర్కిల్‌లో అప్పటికే తిరుగుతున్న బండికి దారి. ఇవి తరచుగా అడిగేవి.

రైల్వే గేటు ప్రశ్న గురించి పిల్లలు "ఇప్పుడు అలాంటి గేట్లు ఎక్కడున్నాయి సార్" అంటారు. నిజమే, బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరికల్లా తీసేశారు. కానీ ఆ ప్రశ్న వెనక మన నేల మీద జరిగిన ఘోరం ఉంది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు దాటుతున్న స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది. బడికి బయల్దేరిన చిన్నపిల్లలు చనిపోయారు. చట్టం చెప్పేదేమిటంటే, బండి ఆపాలి, ఒకరు దిగి పట్టాల దాకా నడిచి వెళ్లి రెండు వైపులా రైలు రావడం లేదని చూసుకోవాలి, ఆ తర్వాతే దాటాలి. బండిలో ఇంకెవరూ లేకపోతే డ్రైవరే దిగాలి. ఆ జవాబు నొక్కేటప్పుడు ఆ పిల్లల్ని ఒకసారి తలుచుకోండి.

నాకు కళ్లద్దాలున్నాయి / రంగులు సరిగా తెలియవు. ఇస్తారా?

అద్దాలు పెట్టుకుని పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటు చదవగలిగితే చాలు. వర్ణాంధత కొద్దిగా లేదా మధ్యస్థంగా ఉన్నవాళ్లకి కూడా లైసెన్స్ ఇవ్వొచ్చని 2020 జూన్‌లో నిబంధన మార్చారు. దాచిపెట్టి సంతకం చేయకండి. మూర్ఛ ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా నిజం చెప్పాలి.

ఎల్ఎల్ఆర్ వచ్చింది. ఇక ఒక్కణ్ణే నడపొచ్చా?

కారైతే ఒక్కరే నడపకూడదు. ఆ వాహనానికి చెల్లే లైసెన్స్ ఉన్నవారు పక్కన, బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. నాన్నకి లైసెన్స్ ఉంటే నాన్న చాలు, డ్రైవింగ్ స్కూలువాళ్లే ఉండాలని లేదు. బైకు మీద వెనక స్నేహితుణ్ణి ఎక్కించుకోకూడదు. ఎక్కితే గిక్కితే నేర్పించే, లైసెన్స్ ఉన్న మనిషే ఎక్కాలి. హెల్మెట్ మొదటి రోజు నుంచే.

బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ ఉండాలి. పలక కనీసం 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లు అని నిబంధనలోనే ఉంది. పిల్లలకి ఎల్ బోర్డు నామోషీగా ఉంటుంది, తెలుసు. కానీ ఇన్సూరెన్స్ పాలసీలో ఎల్ఎల్ఆర్ ఉన్నవాళ్లు ఈ నిబంధనలన్నీ పాటిస్తూ నడిపితేనే వర్తిస్తుందని రాసి ఉంటుంది. బోర్డు లేకుండా, పక్కన ఎవరూ లేకుండా ఎవరినైనా గుద్దితే ఆ భారం ఇంటి మీద పడే ప్రమాదం ఉంది. పైగా వెనకొచ్చే లారీ డ్రైవరు ఎల్ చూస్తే కాస్త దూరం పాటిస్తాడు. నాకు తెలిసి అంత చవకైన రక్షణ ఇంకోటి లేదు.

ఎన్నాళ్లకి డ్రైవింగ్ టెస్ట్‌కి వెళ్లొచ్చు? ఎలా ఉంటుంది?

ఎల్ఎల్ఆర్ వచ్చాక కనీసం 30 రోజులు ఆగాలి. ఆరు నెలలు దాటకూడదు. దాటితే దాన్ని పొడిగించరు, మళ్లీ కొత్తగా దరఖాస్తు. చాలామంది ఆ ముప్పై రోజులూ బండి ముట్టుకోకుండా గడిపేసి, ముప్పై ఒకటో రోజు ట్రాక్ మీదికి వస్తారు. చట్టం ఆ నెల పెట్టింది ప్రాక్టీసు కోసం. రోజూ అరగంటైనా తీయండి.

టెస్ట్‌కి బండి మీరే తెచ్చుకోవాలి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ ఉండాలి, ఎల్ బోర్డు కూడా. ఇన్‌స్పెక్టరు, అంటే మనవాళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారే ఆయన, చూస్తూ ఉంటారు. బైకుకి ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి, కాలు కింద పెట్టకూడదు. ఇక్కడ పోయేవాళ్లంతా ఒకే తప్పు చేస్తారు. ముందు చక్రం వంక చూస్తూ నడుపుతారు. తల ఎత్తి, తిరగబోయే మలుపు వంక చూడండి. మొదటి గేరులో, క్లచ్ సగం పట్టి, అవసరమైతే వెనక బ్రేకు తాకిస్తూ. ఖాళీ స్థలంలో సుద్దతో ఎనిమిది గీసుకుని వారం రోజులు తిప్పితే కాలు దానంతటదే కిందికి రాదు. కారుకి హెచ్ ఆకారపు ట్రాక్‌లో రివర్స్, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదిలించడం, పార్కింగ్ చూస్తారు. హైదరాబాద్ నాగోలు ట్రాక్‌కి వెళ్లేవాళ్లు ముందురోజు వెళ్లి బయట నుంచి ఒకసారి చూసి రావడం మంచిది.

ఫెయిలైతే?

ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. మూడుసార్లు పోతే చివరి టెస్ట్ నుంచి 60 రోజులు ఆగాలి. పాసైతే కార్డు పోస్టులో ఇంటికి వస్తుంది. ఈలోగా డిజిలాకర్‌లో కనిపించే లైసెన్స్ చూపినా చెల్లుతుంది. పద్దెనిమిదేళ్లకి తీసుకున్న లైసెన్స్ నలభై ఏళ్లు వచ్చేదాకా పనికొస్తుంది.

ఆగస్టులో ఎంఎస్‌కి అమెరికా వెళ్తున్నాను. ఎల్ఎల్ఆర్ ఉంటే ఇంటర్నేషనల్ పర్మిట్ ఇస్తారా?

ఇవ్వరు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి పూర్తి లైసెన్స్ ఉండాలి. పాస్‌పోర్టు చూపాలి. నిబంధనల్లో ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. దాన్ని ఎంతకాలం ఒప్పుకుంటారన్నది మీరు వెళ్లే రాష్ట్రం చట్టాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అక్కడికి చేరాక కొత్త లైసెన్స్ పని మొదలుపెట్టాల్సిందే.

వెనక నుంచి లెక్కేసుకోండి. జులైలో పర్మిట్ కావాలంటే జూన్‌లో డ్రైవింగ్ టెస్ట్ పాసవ్వాలి. మధ్యలో ముప్పై రోజులు పోతే ఏప్రిల్ చివరికో మే మొదటికో ఎల్ఎల్ఆర్ చేతిలో ఉండాలి. ఒకసారి ఫెయిలైతే పట్టే వారం కూడా కలుపుకోండి. దరఖాస్తులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అవే అక్షరాలతో రాయండి. ఇంటిపేరు పొడి అక్షరంగా పడిందంటే మాత్రం ఎల్ఎల్ఆర్ దశలోనే సరిచేయించుకోండి, కార్డు ప్రింటయ్యాక అదే పనికి మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు.